శేషం ఒకటి

జులై పదమూడు, ఆదివారం. ఆ రోజు మధ్యాహ్నం భానుమూర్తి గారు తిన్నది ఒక పొట్లం నిమ్మకాయ పులిహోర. పొద్దున్న ఆరింటికి కట్టిన పొట్లాన్ని రెండింటికి విప్పారు. అన్నం ముద్దకట్టింది గాని, కట్టినవాళ్ళెవరో మరిచిపోకుండా ఒక ఊరమిరపకాయ పెట్టారు. ఆ మిరపకాయకి ఆయన వాళ్ళని మనసులోనే దీవించారు. అదే మధ్యాహ్నం ముప్పై కిలోమీటర్ల అవతల, కొత్తరేవులో, ఆయన అత్తగారు రత్నావళమ్మ కందాబచ్చలి కూర ఆవపెట్టి వండి, మూడింటిదాకా చూసి, గిన్నె మీద మూతపెట్టేశారు.

ఆయనకి ఆ తేదీ గుర్తుండిపోయింది అందుకే. ఎన్నికలు కూడా ఆ రోజే జరిగాయి.

భానుమూర్తి గారు గంగవాడ ఉన్నత పాఠశాలలో లెక్కల మాస్టారు. భార్య వసుంధర పోయి నాలుగేళ్ళయింది. ఆ నాలుగేళ్ళూ ఒక్క ఆదివారం తప్పకుండా ఏడింటి పాసింజరెక్కి కొత్తరేవు వెళ్ళేవారు. రత్నావళమ్మ గారు టెలిఫోను ఎక్స్ఛేంజిలో ముప్పై రెండేళ్ళు ఆపరేటరుగా పనిచేసి రిటైరయిన మనిషి. వీధిలోకి తలుపున్న రెండు గదుల వాటాలో తనంతట తను ఉంటున్నారు. ఆయన వెళ్ళి వారం రోజుల పేపర్లు చదివి వినిపించేవారు, చూపు ఆనని ఆవిడకి గోళ్ళు తీసేవారు. ఆవిడ వండి పెట్టేవారు. వసుంధర మాట ఇద్దరూ పెద్దగా ఎత్తేవారు కాదు. ఒకరి కోసం వండాలని ఆవిడకి, ఒకరు వండింది తినాలని ఆయనకి ఉండేది. రెండూ ఆదివారం నాడే కుదిరేవి.

ఆ ఏడు కొత్తగా సంపూర్ణ ఓటు చట్టం వచ్చింది. ఓటు వేయడం ఇక ఇష్టం కాదు, విధి. వేయనివారిని ‘శేష ఓటరు’ అంటారు. శేష ఓటరు ఇంటి తలుపుకి ఎర్ర కాగితం అంటిస్తారు. నియోజకవర్గంలో శేషం సున్నా అయ్యేదాకా ఫలితం ప్రకటించరు.

చట్టం మంచిదా చెడ్డదా అని భానుమూర్తి గారు తొందరపడి తేల్చుకోలేదు. ఆ రోజు చినబాడాం బూత్‌లో ఆయన ప్రిసైడింగు అధికారి. కాళ్ళకి సిమెంటు మరకలతో ఒక ఆడమనిషి వచ్చింది.

“ఇరవయ్యేళ్ళయిందండి ఓటేసి. ఓటుకెల్తానంటే ఆ పూట పన్లేదు పొమ్మనీవోడండి మేస్త్రి. ఈపాలి ఆడే టాక్టరెక్కించి తోలాడు” అంది, సిరా వేలుని ఎండలో పెట్టి చూసుకుంటూ.

ఆవిడ మొహం చూశాక చట్టం మీద ఆయనకి కొంచెం గౌరవం కలిగింది. ఆ గౌరవం పదిహేను రోజులుంది.

పదహారో రోజు పొద్దున్న పాలు తీసుకుందామని తలుపు తీస్తే, తలుపు మీద ఎర్ర కాగితం ఉంది. ‘ఈ గృహమునందు శేష ఓటరు కలరు.’

*

ఎర్ర కాగితాలు పన్నెండు వందల ఇళ్ళకి అంటించారు. ఆ పన్నెండు వందల మందీ పోలింగు సిబ్బందే. సొంత ఊరి బూత్‌లో డ్యూటీ వేయరు, డ్యూటీ వేసిన ఊళ్ళో ఓటుండదు. పోస్టులో పంపుకునే ఓటుని కొత్త చట్టం ‘సంపూర్ణము కాదు’ అని తీసేసింది. అంచేత ఊరందరిచేతా ఓటు వేయించినవాళ్ళు తప్ప ఊరందరూ ఓటు వేశారు.

అందరినీ జిల్లా పరిషత్తు హాలుకి పిలిపించారు. సంపూర్ణ ఓటు ప్రత్యేకాధికారి త్రివిక్రమరావు గారు వేదికెక్కారు. నెమ్మదైన మనిషి. ఎవరినీ కసరరు. కళ్ళజోడు తుడుచుకుంటూ మాట్లాడతారు.

“సోదర సోదరీమణులారా! ఈ నియోజకవర్గమున సాధారణ పౌరులలో పోలైన ఓట్లు వందకు వంద శాతము. వంద పాయింటు సున్నా సున్నా. మంచము పట్టినవారు మంచములతో సహా తరలివచ్చిరి. మీ విషయమున మాత్రము మేము మిక్కిలి విచారించుచున్నాము.”

“మేం డ్యూటీలో ఉన్నామండీ. మీరే వేశారు డ్యూటీ” అన్నారు హాస్టలు వార్డెను సుగుణకుమారి గారు. మొహమాటం లేని మనిషి.

“డ్యూటీ అనునది కారణమా, సాకా అనునది పరిశీలనార్హము.” ఆయన ఒక జాబితా తీశారు. ఓటు వేయకపోవడానికి ఆమోదించిన కారణాలు అందులో ఇరవై రెండున్నాయి. వరద, అగ్నిప్రమాదం, పాముకాటు (పాము వివరములతో). ఎన్నికల డ్యూటీ లేదు. జాబితా తయారుచేసింది ఎన్నికల డ్యూటీలో ఉన్న అధికారులే కాబట్టి, తమకి తాము మేలు చేసుకున్నారన్న మాట రాకూడదని దాన్ని వదిలేశారు.

“అయితే ఏం చేయమంటారు?”

“శేష పోలింగు! రాబోవు ఆదివారము మీ పన్నెండు వందల మందికొరకు పన్నెండు బూత్‌లు. బూత్‌కు అయిదుగురు సిబ్బంది. మీలోనుండియే లాటరీ.”

“ఆ అరవై మంది ఓటో?”

“అది ఆపై ఆదివారము. శేషము తగ్గుచున్నది గమనించితిరా?”

హాల్లో చప్పట్లు కొట్టారు. శేషం నిజంగానే తగ్గుతోంది. భానుమూర్తి గారు మాత్రం చేతిలో ఉన్న కరపత్రం వెనక లెక్క వేశారు. పన్నెండు వందలకి అరవై. అరవైకి అయిదు. అయిదుకి... బూత్‌కి అయిదుగురికి తక్కువ ఉండకూడదు. ఆయన పెన్ను మూసి జేబులో పెట్టుకున్నారు. కాగితం మాత్రం పారేయలేదు.

*

అనుకున్నట్టే మూడో ఆదివారానికి శేషం అయిదైంది. నాలుగో ఆదివారానికి కూడా అయిదే. లాటరీలో చివరికి మిగిలింది రెండు జట్లు. ఒక జట్టుకి భానుమూర్తి గారు పెద్ద, రెండోదానికి సుగుణకుమారి గారు.

ఒకసారి ఓటు వేసినవాళ్ళు రెండోవాళ్ళచేత వేయిస్తే సరిపోతుంది కదా అని ఎవరికైనా అనిపిస్తుంది. నిజానికి సరిపోయేదే. కాని సిబ్బంది బాధ చూసి జాలిపడి, పైనుంచి ఒక ఉత్తర్వు పంపారు. దాని ప్రకారం డ్యూటీలో ఉన్న ప్రతి ఉద్యోగీ ఆ రోజుకి ఆ బూత్‌లో ఓటరే. చాలా మంచి ఉత్తర్వు. పాత ఉత్తర్వొకటి అప్పటికే ఉంది. నిష్పాక్షికత దృష్ట్యా, డ్యూటీలో ఉన్నవాళ్ళు ఆ బూత్‌లో ఓటు వేయకూడదు. అదీ మంచిదే. రెండూ కలిసేసరికి, డ్యూటీ చేసిన ప్రతి జట్టూ ఆ సాయంత్రానికి కొత్తగా శేషమై కూర్చునేది.

అంచేత ఒక ఆదివారం భానుమూర్తి గారి జట్టు వేయిస్తుంటే సుగుణకుమారి గారి జట్టు వేసేది. పై ఆదివారం వాళ్ళు వేయిస్తుంటే వీళ్ళు వేసేవారు. ఏడింటికి మొదలై ఏడుంబావుకి అయిపోయేది. సాయంత్రం ఆరు వరకు బూత్ తెరిచే ఉంచాలి. వేసినవాళ్ళు కూడా ‘ఓటరుకు రక్షణ’ కింద ఆరు వరకు ఆవరణలోనే ఉండాలి.

అభ్యర్థుల బొమ్మల కాగితం ఎండకి వెలిసిపోయింది. అభ్యర్థుల్లో ఇద్దరు ఈలోగా ఒకే పార్టీలో చేరి, ఒకే కారులో వచ్చి దణ్ణం పెట్టి వెళ్ళారు. ఫలితం కోసం తొందరపడ్డవాళ్ళు లేరు. పదవుల్లో ఉన్నవాళ్ళు ఎలాగూ పదవుల్లోనే ఉన్నారు.

సిరా దగ్గర ఒక చిక్కొచ్చింది. వేసిన ప్రతిసారీ కొత్త వేలికి పెట్టాలి. అక్టోబరు రెండో వారానికి ఎడమచేతి వేళ్ళు అయిపోయాయి. కుడిచేతి సంగతి రాసి అడిగితే, ‘కుడిచేయి భోజనహస్తమగుటచే వర్జనీయము. పాదముల వ్రేళ్ళు వినియోగించవచ్చును. పాదరక్షలు విడుచుటకు తగు స్థలము ఏర్పాటు చేయవలెను’ అని జవాబొచ్చింది. దాంతోపాటు ఒక చిన్న చాప కూడా పంపారు. చాప మెత్తగా, బావుంది. భానుమూర్తి గారు ఆ సంగతి రిపోర్టులో రాశారు.

ఆయన నష్టపోయింది ఆదివారాలు. మిగతా రోజులు బడి. శనివారం సాయంత్రం సామగ్రి తీసుకోవాలి, ఆదివారం పొద్దుపోయాక అప్పగించాలి. బూత్ నుంచి ఫోను చేసేవారు.

“ఏం నాయనా, ఇవాళ కూడా లైను దొరకలేదా?” అనేవారు రత్నావళమ్మ గారు.

“లేదండి అత్తయ్యగారూ. ఏం వండుకున్నారు?”

“ఒక్కదానికి వంటేమిటి! ఇంత పెరుగన్నం కలుపుకున్నా.”

ప్రతి ఆదివారం అదే జవాబు. పదకొండో ఆదివారం ఆయన అడగడం మానేశారు.

*

దసరా సెలవుల్లో ఊరు దాటడానికి అనుమతి కాగితం పెట్టుకుని, ఒక బుధవారం కొత్తరేవు వెళ్ళారు. తలుపు తీసిన చెయ్యి చూసి ఆయన గుమ్మంలోనే ఆగిపోయారు. ఆవిడ గాజులు మణికట్టు దగ్గర ఉండేవి. ఇప్పుడు చెయ్యెత్తితే మోచేతిదాకా జారిపోతున్నాయి. గోళ్ళు పెరిగి ఉన్నాయి. పేపర్లు వారాలవారీగా తాళ్ళు కట్టి మూల పెట్టి ఉన్నాయి.

ఆయన గోళ్ళు తీయడానికి కూర్చున్నారు.

“ఆ వేళ్ళేమిటి, నేరేడుపళ్ళు తిన్నట్టు?” అన్నారావిడ ఆయన చేతిని కళ్ళ దగ్గరకి తెచ్చుకుని.

ఆయన మొత్తం చెప్పారు. ఆవిడ శ్రద్ధగా విన్నారు. ఎక్స్ఛేంజిలో పనిచేసినవాళ్ళు మధ్యలో అడ్డురారు.

“నాకో సంగతి చెప్పు. నేను వేయలేదని ఎవరూ పట్టుకోలేదేం?”

భానుమూర్తి గారి చేతిలో కత్తెర ఆగింది. “మీరు వేయలేదా?”

“లేదు.”

“మీరు ఓటుకి వెళ్ళని ఎన్నికంటూ లేదని వసుంధర చెప్పేది!”

“వెళ్ళేదాన్ని. తెల్లవారుజామునే తలంటుకుని, ఇస్త్రీ చీర కట్టుకుని, నా అంతట నేను. ఈసారి జీపేసుకుని కుర్రాళ్ళొచ్చి ‘ఎక్కు మామ్మా, ఎక్కకపోతే కాగితం అంటిస్తారు’ అన్నారు. పేరంటానికి పిలిస్తే వెళతాం గాని, రెక్క పుచ్చుకుని లాక్కెళతామంటే వెళతామా? ‘లైను బిజీగా ఉంది, కాసేపాగి రండి’ అన్నా. మళ్ళీ రాలేదు.”

“మరి వంద శాతం అన్నారే...” అంటూనే ఆయన ఆగిపోయారు. నియోజకవర్గంలో రెండు లక్షల నలభై వేల ఓట్లు. అందులో ఒకటి తగ్గితే తొంభై తొమ్మిది పాయింటు తొమ్మిది తొమ్మిది తొమ్మిది ఆరు. కంప్యూటరు రెండు స్థానాలకే రాస్తుంది. అంటే వంద పాయింటు సున్నా సున్నా. రత్నావళమ్మ గారు ఆ సవరింపులో కనపడకుండా పోయారు. బూత్ కాగితంలో ఆవిడ పేరు ఎదుట గీత ఖాళీగానే ఉండుండాలి. వంద శాతం వచ్చిన కాగితాలు మళ్ళీ ఎవరు చూస్తారు!

“ఎవరితోనూ అనకండి అత్తయ్యగారూ. తలుపుకి ఎర్ర కాగితం పెడతారు.”

“పెట్టనీ. నాకు ఆ రంగు సరిగా కనపడదు.” ఆవిడ రెండో చెయ్యి చాపారు. “మా ఎక్స్ఛేంజిలో ఒక పద్ధతుండేది. రెండు పక్కలా మాట్లాడడం అయ్యేదాకా ట్రంకు కాల్ ముగిసినట్టు కాదు. ముగియని కాల్ మీద ఇంకో కాల్ వేయకూడదు. మీ పోలింగుకి అలాంటి పద్ధతి లేదూ?”

ఆయన ఆవిడ చిటికెన వేలు పట్టుకునే కత్తెర పక్కన పెట్టారు.

“అత్తయ్యగారూ, మీకు ఎనభై అయిదు ఎప్పుడు నిండుతుంది?”

“కార్తీక పౌర్ణమికి. ఏం, ఏమైనా చేయిస్తావా?”

“ఇంటికొచ్చి ఓటు వేయిస్తారు. ఎనభై అయిదు దాటినవాళ్ళకి.”

“అయితే రాయి నా పేరు” అన్నారావిడ. “తప్పేదో నా మీదే ఉండనీ. నువ్వు మాత్రం ఆదివారం పూట ఎక్కడో చాప మీద కాళ్ళు చాపుకుని కూర్చోకు.”

*

కార్తీక పౌర్ణమి మర్నాడు భానుమూర్తి గారు ప్రత్యేకాధికారి గదిలో నిలబడి రెండు కాగితాలు ఇచ్చారు. ఒకదాంట్లో, అయిదుకి అయిదు చొప్పున శేషం ఎప్పటికీ సున్నా కాదని నాలుగు మెట్లలో రుజువుంది. రెండోదాంట్లో ఒక పేరుంది.

త్రివిక్రమరావు గారు రుజువు చదివి కళ్ళజోడు తుడుచుకున్నారు. పేరు చదివి మళ్ళీ తుడుచుకున్నారు.

“సాధారణ పౌరురాలు ఒకరు శేషమా? మా వంద శాతమునకు ఎంత అప్రతిష్ఠ!”

“దశాంశాల్లో పోయిందండి.”

“మీకు ఈమె ఏమగుదురు?”

“అత్తగారండి.”

“సొంత అత్తగారిని పట్టి ఇచ్చితిరి!” ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. “విధినిర్వహణ అనిన ఇదియే. ఈ ఆదివారమే ఆమె గృహమును బూత్‌గా ప్రకటించుచున్నాను. సుగుణకుమారి గారి అయిదుగురూ అచ్చటనే వేయుదురు. డ్యూటీ మీ జట్టుకే.”

భానుమూర్తి గారు తల వంచుకుని నిలబడ్డారు. అధికారి దాన్ని త్యాగమనుకున్నారు.

*

ఆదివారం ఏడింటికి కొత్తరేవులో రత్నావళమ్మ గారి తలుపుకి ఎర్ర కాగితం, దాని పక్కన ‘పోలింగు కేంద్రము’ అన్న తెల్ల కాగితం అంటించారు. కుట్టుమిషను మీద ఓటు యంత్రం పెట్టి, చుట్టూ అట్ట నిలబెట్టారు. ప్రత్యేకాధికారి స్వయంగా వచ్చి కుర్చీలో కూర్చున్నారు. సుగుణకుమారి గారి జట్టు అయిదుగురూ చెప్పులు విడిచి, బొటనవేళ్ళకి సిరా పెట్టించుకుని, ఏడుంబావుకి ఓటు వేసేశారు.

భానుమూర్తి గారి జట్టులో మొదటి అధికారి జాబితా చూసి గట్టిగా పిలిచాడు. “రత్నావళమ్మ గారు!”

ఆవిడ తలంటుకుని ఉన్నారు. చీర ఇస్త్రీది. యంత్రం దగ్గరకి వచ్చి, అట్ట వెనక్కి వెళ్ళి, కొంతసేపు నిలబడి, ఇవతలికి వచ్చేశారు.

“బీప్ రాలేదు” అన్నాడు కానిస్టేబులు.

“ఇంకా నొక్కలేదు బాబూ. ఆలోచిస్తున్నా.”

“ఏమి ఆలోచన, తల్లీ?” అన్నారు త్రివిక్రమరావు గారు.

“ఎవరికి వేయాలా అని. మీరు వేయమన్నారు, వేస్తాను. ఆలోచించకుండా వేయమని ఎక్కడైనా రాశారా?”

ప్రత్యేకాధికారి పుస్తకం తెరిచారు. ఎండ గుమ్మం దాటి లోపలికొచ్చేదాకా తిరగేశారు. చివరికి వేలు ఒకచోట ఆగింది.

“ఓటరు తగిన విధముగ ఆలోచించుకొనుటకు సిబ్బంది సహనముతో అవకాశము కల్పించవలెను. గడువు... గడువు వ్రాయలేదు.” ఆయన తలెత్తారు. “ఎప్పటికి తెమిలెదరు?”

“అది ఇప్పుడే ఎలా తెలుస్తుంది! వచ్చే ఆదివారం కనుక్కోండి.”

“ఇది విధికి విరుద్ధము...” అని మొదలుపెట్టారాయన. వాక్యం పూర్తి చేయలేదు. ఆయన న్యాయంగా మాట్లాడే మనిషి. “కాదు. విరుద్ధము కాదు. ఓటు తప్పనిసరి. ఆలోచన ఐచ్ఛికము.”

అప్పుడు భానుమూర్తి గారు మెల్లగా అన్నారు. “పోలింగు ముగిస్తేనే కదండీ మా జట్టు శేషం కింద లెక్క? ఇది ముగియలేదు. వాయిదా పడింది. కాబట్టి ప్రస్తుతానికి శేషం ఒకటే. ఆవిడొక్కరే.”

“ఒకటి!” త్రివిక్రమరావు గారి మొహం విప్పారింది. “పన్నెండు వందలనుండి ఒకటి! పైకి ఏమని వ్రాయవలెను?”

“పురోగతిలో ఉన్నది అని.”

ఆయన అక్కడే రాసుకున్నారు. పై ఆదివారాలకి ఎందరుండాలో కూడా ఆయనే తేల్చారు. “ఓటు వేయించుటకు అయిదుగురు అవసరము. వేచి యుండుటకు ప్రిసైడింగు అధికారి ఒక్కరు చాలును. ఓటరు మనస్సు చెదరరాదు గనుక, అదే అధికారి.”

వీధిలోకి వచ్చాక సుగుణకుమారి గారు చెప్పులేసుకోవడానికి కూడా ఆగలేదు. “మాస్టారూ, అంటే నాకింక ఆదివారాలు ఖాళీయేనా? నిజంగా?”

“ఆవిడ ఆలోచిస్తున్నంతకాలం.”

“నెమ్మదిగా ఆలోచించుకోమనండి” అని చెప్పులు చేత్తో పట్టుకునే బస్సెక్కేశారు.

పైవారం పైనుంచి అభినందన లేఖ వచ్చింది. ఫలితం మాట అందులో లేదు.

*

ఇది జరిగి రెండు నెలలు. ఆదివారం ఏడింటి పాసింజరులో భానుమూర్తి గారు యంత్రం పెట్టె ఒళ్ళో పెట్టుకుని వెళుతున్నారు. ఆయన పేరున ‘వేచి యుండు అధికారి’ అని కార్డు కూడా ఇచ్చారు. వెళ్ళగానే యంత్రం కుట్టుమిషను మీద పెట్టి, ఒకసారి పేరు పిలుస్తారు. “ఇంకా తేలలేదు” అంటారావిడ వంటింట్లోంచి. అది రిపోర్టులో రాసుకుని, పేపరు విప్పుతారు.

రత్నావళమ్మ గారు నిజంగానే ఆలోచిస్తున్నారు. అభ్యర్థుల వార్తలు రెండుసార్లు చదివించుకుంటారు. ఒకరోజు “పిలవడానికి వచ్చి, ‘వీలైతే రండమ్మా’ అని వెళ్ళిపోయినవాడు ఒక్కడున్నా ఈపాటికి వేసేద్దును” అన్నారు.

“చినబాడాంలో ఒకావిడ ఇరవయ్యేళ్ళ తర్వాత వేసిందండి ఈ చట్టం వల్ల” అన్నారాయన, న్యాయంగా ఉండాలని.

“మరి ఆ మేస్త్రి మెడలు వంచాలి గాని నా మెడెందుకు?” అని ఆవిడ ఇంకో గరిటెడు కూర వడ్డించారు.

ఆ రోజు కూర కందాబచ్చలి. వడ్డిస్తున్న చేతికి గాజులు మణికట్టు దాటి రెండు వేళ్ళ మేర పైన ఆగాయి. పోయిన ఆదివారం నాలుగు వేళ్ళ పైన ఉండేవి. లెక్కల మాస్టారు కాబట్టి ఆయన గమనించారు. రిపోర్టులో ఆ గడి లేదు.

సాయంత్రం ఆరయింది. ఆరింటికి ప్రిసైడింగు అధికారి గుమ్మంలో నిలబడి, ఓటు వేయవలసినవారు ఇంకెవరైనా ఉన్నారా అని గట్టిగా మూడుసార్లు అడగాలి. భానుమూర్తి గారు యంత్రం పెట్టెలో సర్ది, గుమ్మంలోకి వచ్చి వెనక్కి తిరిగి చూశారు. ఆవిడ పడకకుర్చీలో నిద్రపోయారు. కత్తిరించిన గోళ్ళతో చేతులు ఒళ్ళో ఉన్నాయి. సన్నగా గురక వినిపిస్తోంది. ఆయన దుప్పటి తెచ్చి కప్పారు.

తర్వాత గుమ్మంలో నిలబడి, నియమం ప్రకారం మూడుసార్లూ అడిగారు, పెదవులతో మాత్రమే. జవాబు రాలేదు. రిపోర్టులో ‘ఓటరు ఆలోచనలో ఉన్నారు’ అని రాసి, పెన్ను మూసి, ఎర్ర కాగితం ఉన్న తలుపుని చప్పుడు కాకుండా దగ్గరకి లాగారు.